పొగగొట్టం నుంచి పద్నాలుగు అడుగులు

కార్బెట్ చెరువు క్యాంపులో ముప్పై ఒకటో నెంబరు చోటుని తెలిసినవాళ్లెవరూ తీసుకోరు. తెలియక తీసుకున్నవాళ్లు ఒక్క రాత్రి ఉంటారు. తెల్లారేసరికి గుడారం చుట్టేసి, యజమాని హాస్కెల్‌తో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోతారు.

చెరువులోకి దిగే వాలులో చిట్టచివర ఉంటుందది. పక్కనే ఒంటరిగా ఓ రాతి పొగగొట్టం. వెనకటికి అక్కడ చర్చి పిల్లల వేసవి క్యాంపు నడిచేది. వంటశాల తగలబడి గోడలన్నీ కూలినా, ఆ పొగగొట్టం మాత్రం అలాగే నిలబడిపోయింది. ముప్పై ఏళ్లు ముళ్లపొదలు కమ్మేసిన నేల. హాస్కెల్ దాన్ని కొని, పొదలు కొట్టించి, గుడారాలు వేసుకునే చోట్లు చేశాడు.

క్యాంపు తెరిచిన ఏడాది అక్టోబరు నుంచే మొదలైంది.

చీకటి పడగానే — నేలకి జానెడు ఎత్తున ఒక వెలుగు. మెల్లగా ముందుకొస్తుంది... ఆగుతుంది... వెనక్కి పోతుంది. దాని వెంట సన్నటి ఆడగొంతు, ఏదో లెక్కపెడుతున్నట్టు. లెక్క పద్నాలుగు దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత మట్టిని గీరుతున్న చప్పుడు.

ఒహాయో నుంచి వచ్చిన లారీ డ్రైవరొకడు మాత్రం, దుంగలాంటి మనిషి, పొద్దున్నే హాస్కెల్ దగ్గరికొచ్చి అన్నాడట: "అది నన్నేం చెయ్యలేదయ్యా. నావైపు కన్నెత్తైనా చూడలేదు. నేనసలు లేనట్టే తిరిగింది... అందుకే భయమేసింది."

ఇక ఇప్పుడు చెప్పేది మా బావ వర్లిన్ స్టాంపర్‌కి జరిగింది. ఆయన నోటితో ఆయన చెప్పగా విన్నాను. ఆయన ఎక్కడెక్కడ ఆగాడో నేనూ అక్కడే ఆగుతాను.

బావంటే మా అక్క ఒనీడా మొగుడు. నలభై ఏళ్లు స్కూలు బస్సులు బాగుచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత పట్టుకున్నది మెటల్ డిటెక్టరు. మాదో పన్నెండుమంది పిచ్చివాళ్ల గుంపు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పాత క్యాంపులూ, చర్చి మైదానాలూ, ఎండిన ఈతకొలనులూ అంగుళం అంగుళం గాలిస్తాం. పది సీసా మూతలకి ఒక పాత నాణెం దొరికితే పండగే. నెలకోసారి ఫైర్ స్టేషను హాల్లో కలుస్తాం. ఎవరికేం దొరికిందో బల్ల మీద పరిచి చూపించుకుని, చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె తిని, ఆ నెల మేటి వస్తువు ఏదో చేతులెత్తి తేలుస్తాం. గెలిచినవాడికో చెక్క ఫలకం ఇస్తాం. గుంపు కార్యదర్శిని నేనే. గెలిచిన వస్తువుకి ఫోటో తీసి, దొరికినవాడి పేరు రాసి, చుట్టుపక్కల కొట్లలో అంటించడం నా పని.

హాస్కెల్ పొదలు కొట్టించిన వసంతంలో, క్యాంపింకా తెరవకముందే, బావ అక్కడ తవ్వుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. పొగగొట్టం దగ్గర, మేకులూ గాజుపెంకులూ కలిసిన మట్టిలో, చాలా లోతున ఒక తుప్పు పట్టిన పొగాకు డబ్బా దొరికింది. అందులో ఉంగరం. హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలు చేయించుకునే రకం. ఎర్రరాయి. రాయి చుట్టూ క్రోకెట్ ఫోర్క్ హైస్కూలు అన్న పేరు, 1967. లోపలివైపు రెండక్షరాలు — డి. పి.

ఆ నెల ఫలకం బావదే. ఉంగరం ఆయన చిటికెనవేలికి సరిగ్గా పట్టింది. అప్పట్నుంచి తియ్యలేదు.

"ఎవరిదో ఏమిటో కనుక్కోవా?" అంది అక్క ఓసారి.

"ఆ స్కూలు మూసేసి నలభై ఏళ్లు. ఎవరినని అడగనే?" అన్నాడు బావ. మేమూ అదే అనుకున్నాం. అనుకోవడం సుఖంగా ఉంటే ఎవరు కాదంటారు?

మూడో అక్టోబరు వచ్చింది. హాస్కెల్ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. ముప్పై ఒకటే కాదు, దాని అటూ ఇటూ చోట్లు కూడా ఖాళీ. క్యాంపు కొట్టు అరుగు మీద కూచుని కాఫీ తాగుతుంటే ఆ మాట వచ్చింది.

"నీ యంత్రంతో దెయ్యాన్ని కూడా పట్టు బావా. ఇనపగొలుసు లాగుతూ తిరిగేదైతే గుయ్యిమంటుంది" అన్నాను నేను.

"నీలాంటి వాగుడుకాయని పట్టే యంత్రం ఉంటే ముందది కొంటాను" అన్నాడు బావ. "ఇవాళే వెళ్తా. వానకి నేల నానింది, తవ్వడానికి హాయిగా ఉంటుంది."

వెళ్లాడు. ఒక్కడే.

అక్టోబరులో ఏడింటికల్లా చీకటి. ఇంకొక్క వరస, ఇంకొక్క వరస అనుకుంటూ యంత్రాన్ని ఊపుకుంటూ ఉండిపోయాడు. పొగగొట్టం వెనక ఏదో మోగితే మోకాళ్ల మీద కూచుని, హెడ్‌ఫోన్లు మెడలోకి లాక్కుని, పార గుచ్చాడు.

అప్పుడు వినిపించింది.

"...నాలుగు... ఐదు... ఆరు..."

పార అలాగే వదిలేశాడు. రాళ్లకి వీపు ఆనించి కూచున్నాడు. ఊపిరి తీస్తే వినపడుతుందేమోనని నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడట.

"...పదకొండు... పన్నెండు..."

తలొక్కటే పక్కకి వంచి చూశాడు. తెల్లటి పొడవాటి కోటు. తెల్లటి జుట్టు. వంగిపోయిన నడుం. చేతిలో వెలుగు నేలకి ఆనీ ఆననట్టు. ముఖం కనపడలేదు.

"...పద్నాలుగు."

వెలుగు ఆగింది. ఆ ఆకారం మోకాళ్ల మీదికి కూలబడింది. మట్టి గీరుతున్న చప్పుడు... గీరి, ఆగి, మళ్లీ గీరి... ఆ మధ్యలో, చెవిలో చెప్పినంత మెల్లగా —

"డెల్‌మర్... ఒక్క ముక్కైనా ఉంచలేదురా..."

బావ కుడిచెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఆ చేతికే ఉంగరం.

తర్వాత ఎలా లేచాడో, వాలు ఎలా ఎక్కాడో ఆయనకే తెలీదు. యంత్రం మాత్రం చంకలో ఉంది. పార అక్కడే ఉండిపోయింది. ఇంటికొచ్చి తలుపు గడియ వేసి, బూట్లతోనే వంటింట్లో కూలబడ్డాడు.

అక్క అంతా వింది. భయపడే మనిషి కాదు మా అక్క. ఇరవై ఏళ్లు జిల్లా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసింది.

"దెయ్యానికి టార్చిలైటు ఎందుకయ్యా?" అంది.

బావ బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

"పోనీ దెయ్యమే అనుకుందాం. మరి నువ్వు చెయ్యెందుకు జేబులో దాచుకున్నావు?"

బావ లేచి, సబ్బు రాసుకుని ఉంగరం లాగాడు. మూడేళ్లలో వేలు బాగా ఒత్తుకుపోయింది. అక్కడ తెల్లటి గాడి.

మర్నాడు అక్క ఎక్కడికీ పోలేదు. ఊరి లైబ్రరీకి ఒక్క ఫోన్ చేసింది. క్రోకెట్ ఫోర్క్ స్కూలు పాత వార్షిక సంచికలన్నీ అక్కడే ఉన్నాయట. 1967లో ఆ స్కూల్లో పాసైన మగపిల్లలు పదకొండుమంది. అందులో డి. పి. ఒక్కడే. డెల్‌మర్ పెనిక్స్. ఆ పేరు మా కోర్టు ముందున్న నల్లరాతి మీద కూడా ఉంది, వియత్నాం నుంచి తిరిగిరానివాళ్ల వరసలో. ఆ రాయి పక్కనుంచే బావ నలభై ఏళ్లు పనికి నడిచాడు.

"ఎంతసేపు పట్టింది?" అన్నాడట బావ.

"నాలుగు నిమిషాలు" అంది అక్క. ఫోను పెట్టేసి, పెనం కడుక్కోవడానికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని బావ ఇప్పటికీ అంటాడు.

అది దెయ్యం కాదు, డెల్‌మర్ తాలూకు ఎవరో మనిషి అని అర్థమైపోయింది. వెళ్లి ఉంగరం చేతిలో పెట్టి, తప్పయిపోయిందమ్మా అంటే సరిపోయేది. అంతే కదా పని. కానీ ఆ మాట అనడానికి ముందు, మూడేళ్లు వేలికి పెట్టుకుని తిరిగానని చెప్పాలి. ఫలకం గెలిచానని చెప్పాలి. నాలుగు నిమిషాల పని చెయ్యలేదని చెప్పాలి...

అందుకని బావ ఇంకో దారి చూసుకున్నాడు.

వంటింట్లో ఖాళీ పిప్పరమెంటు బిళ్లల డబ్బా ఒకటి ఉంటే, ఉంగరం అందులో పెట్టాడు. డబ్బాకి తుప్పు కనపడాలని ఉప్పునీళ్లు రాశాడు. మిట్టమధ్యాహ్నం క్యాంపుకెళ్లి, పొగగొట్టం నుంచి చెరువు వైపు పద్నాలుగు అడుగులు నడిచి, రెండు వేళ్ల లోతున పూడ్చాడు. గడ్డి తిరిగి సర్దాడు. మొన్న వదిలేసిన పార కోసం చూస్తే ఎక్కడా లేదు. హాస్కెల్ తీసి ఉంటాడులే అనుకున్నాడు.

ఆవిడకి దొరుకుతుంది. సంతోషిస్తుంది. ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

చీకటి పడే వేళకి మళ్లీ వెళ్లి పొగగొట్టం వెనక దాక్కున్నాడు. ఎందుకెళ్లావు బావా అంటే — ఆవిడ సంతోషం చూడాలనిపించింది, అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తల ఎత్తలేదు.

వెలుగు వచ్చింది.

ఈసారి ఆయన అంత భయపడలేదు. మనిషేనని తెలుసు కదా. ఒకటి... రెండు... లెక్క మొదలైంది. పద్నాలుగు. మోకాళ్ల మీద కూచుంది. చిన్న తాపీలాంటిదేదో మట్టిలో గుచ్చింది. రేకు తగిలిన చప్పుడు.

బావ రాళ్ల పక్కనుంచి తల బయటికి పెట్టాడు.

డబ్బా తీసింది. టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పింది. మూత తెరిచింది. చూసింది.

అరవలేదు. ఏడవలేదు. మూత మూసేసింది... టక్‌మని.

చెరువులో నీళ్లు ఒడ్డుకి తగులుతున్న చప్పుడు.

అప్పుడు, వెనక్కి తిరగకుండానే, ఆ గొంతు —

"స్టాంపర్ గారూ... బయటికి రండి."

బావ చెప్పాడు — దెయ్యం అనుకున్న రోజు కూడా ఒళ్లు అంత చల్లబడలేదట. తన పేరు. చీకట్లో. ఎన్నాళ్లుగానో తెలిసినట్టు.

బయటికొచ్చాడు. ఆవిడ టార్చి ఆయన ముఖం మీద వెయ్యలేదు. చేతుల మీద వేసింది.

"మీ పార నా కారులో ఉంది" అంది. "కర్ర మీద పేరు కాల్చి ఉంది. కానీ మీ పేరు నాకు మొన్న తెలిసింది కాదు."

"అమ్మా... నేను..."

"నా పేరు ఆర్డిత్. డెల్‌మర్ మా అన్న. ఈ క్యాంపు మళ్లీ తెరిచారని పేపర్లో చూసి ఆ ఏడాదే మొదటిసారి వచ్చాను. కాఫీ తాగుదామని కొట్టుకెళ్తే, గోడ మీద ఫోటోలో మా అన్న ఉంగరం, పక్కన అది దొరికిన పొగాకు డబ్బా. కింద మీ పేరు. ఫోటో బాగా తీశారు. స్కూలు పేరు స్పష్టంగా కనపడుతోంది."

ఆ ఫోటో తీసింది నేను. ఇది బావ చెప్తున్నప్పుడు నావైపు చూడలేదు. చూడకపోవడమే చాలింది.

"మరి... ఒక్క మాట అడగకపోయారా అమ్మా? వెంటనే ఇచ్చేసేవాణ్ణి."

"స్కూలు పేరుంది. సంవత్సరముంది. అక్షరాలున్నాయి. చదువొచ్చిన మనిషి, ఇవాళ కాకపోతే రేపు ఫోన్ చేస్తాడనుకున్నాను. ఫోన్ చప్పుడైనప్పుడల్లా మీరేననుకున్నా. ఒక ఏడాది... రెండేళ్లు... ఆ తర్వాత, మీరెంతకాలం చెయ్యరో చూడాలనిపించింది."

బావకి నేల మీద కూచోవాలనిపించింది. కూచోలేదు. నిలబడి ఉండటమే శిక్ష అనిపించిందట.

"మరి ఉంగరం నా దగ్గరుందని తెలిసీ... ఇక్కడ దేనికోసం వెతుకుతున్నారమ్మా?"

ఆవిడ మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"కాగితం" అంది. "డబ్బాలో కాగితం ఉండాలి. ఏం చేశారు దాన్ని?"

బావ అప్పటిదాకా మాకెవ్వరికీ చెప్పని మాట అది. ఉంగరం కింద నాలుగు మడతల కాగితం ఉంది. నీళ్లు దిగి పిండిముద్దలా అయిపోయింది. చూపుడువేలితో గీకి, గడ్డికి తుడిచి, మిగతాది సీసా మూతలతో పాటు చెత్తపీపాలో పారేశాడు.

ఆవిడ చెప్పింది. డెల్‌మర్ ఆ వేసవంతా క్యాంపు వంటశాలలో పనిచేశాడట. సైన్యంలోకి పిలుపొచ్చింది. ఆవిడకప్పుడు పదమూడేళ్లు. వెళ్లొద్దని ఏడ్చింది. అయినా వెళ్తాననేసరికి కోపం పట్టలేక అంది — పోతే పో, మళ్లీ రాకు.

"బస్సు ఎక్కించడానిక్కూడా వెళ్లలేదు నేను. బస్సెక్కేముందు మా ఇంటికొచ్చి, నా గది కిటికీ దగ్గర నిలబడి చెప్పాడు. నువ్వన్నదానికి జవాబు రాసి పెట్టానే. పొగగొట్టం నుంచి చెరువు వైపు పద్నాలుగు అడుగులు. వచ్చాక ఇద్దరం కలిసి తవ్వుదాం. నేను రాకపోతే నువ్వొక్కదానివే తవ్వుకో, అన్నాడు. నేను కిటికీ తెరవలేదు."

ఆ చలికాలంలోనే కబురొచ్చిందట. అమ్మ ఆ ఊళ్లో ఉండలేక పిల్లని తీసుకుని డెట్రాయిట్ వెళ్లిపోయింది. ఆ తర్వాత వంటశాల కాలిపోయింది, నేలకి కంచె పడింది, ముళ్లు మొలిచాయి.

"వాడు కోపంతో వెళ్లాడో లేదో, ఒక్క ముక్క. అది చూద్దామని. మీరు పారేసినా, మట్టిలో ఎక్కడైనా ఓ ముక్క మిగిలి ఉంటుందేమోనని... పిచ్చే. తెలుసు." ఆగింది. "మీరు చదివారా?"

బావ నాతో అన్నాడు — నోట్లో అబద్ధం తయారుగా ఉందిరా హోబర్ట్. మంచి అబద్ధం. కోపం లేదని రాశాడమ్మా, ప్రేమతో అన్నయ్య అని చివర ఉందమ్మా... ఇంతే. ఆవిడకి శాంతి, నాకు శాంతి. నోరు తెరిచాను కూడా.

ఆవిడ చెయ్యెత్తింది.

"కల్పించకండి. నేను కనిపెట్టేస్తాను."

చెరువు మీంచి గాలి. ఆవిడ కోటు అంచు రెపరెపలాడుతోంది.

"చదవలేదమ్మా" అన్నాడు బావ. "అక్షరాలు కనపడేవో లేదో కూడా తెలీదు. మడత విప్పలేదు. ఉంగరం మెరిసింది. దాన్నే చూశాను. కాగితం వైపు చూడనైనా లేదు."

ఆవిడ తల ఊపింది. కోపం లేదు, దుఃఖం కూడా లేదట ముఖంలో. ఎన్నాళ్లో నిలబడి ఉన్న మనిషి బరువు దింపుకున్నట్టుగా భుజాలు మాత్రం కిందికి జారాయి.

డబ్బాలోంచి ఉంగరం తీసి, బొటనవేలికి పెట్టుకుంది. డబ్బా ఆయన చేతిలో పెట్టింది.

"కారు దాకా తోడొస్తానమ్మా. చీకటిగా ఉంది."

"నాకు దారి తెలుసు" అంది.

వెలుగు వాలు ఎక్కి, చెట్ల మధ్య సన్నబడి, లేకుండా పోయింది. తర్వాత కారు చప్పుడు. బావ వెళ్లి చూస్తే, రోడ్డు పక్కన చెట్టుకి ఆనించి ఆయన పార ఉంది. మట్టంతా శుభ్రంగా తుడిచి ఉంది.

ఇదంతా ఆయన ఆ నెల సమావేశంలో మా అందరి ముందు నిలబడి చెప్పాడు. చెక్క ఫలకం తెచ్చి బల్ల మీద బోర్లించాడు. పులుసు గిన్నెలు చల్లారిపోయాయి. ఆ ఉంగరానికి ఓటేసి చెయ్యెత్తినవాళ్లం పదకొండుమందిమి. అందరం చేతులు బల్ల కింద పెట్టుకుని కూచున్నాం.

ముప్పై ఒకటో చోటులో ఆ తర్వాత ఏ వెలుగూ రాలేదు. హాస్కెల్ సంబరపడుతున్నాడు. బావ యంత్రం అమ్మేశాడు.

నేను అమ్మలేదు. నేను వేరే పని చేశాను. ఆ సమావేశం నుంచి ఇంటికెళ్లి, గది తలుపు మూసుకుని, అలమారలోంచి నా పెట్టె తీశాను. అడుగున, దూదిలో చుట్టి, చంటిపిల్ల చేతి వెండి కడియం. ఆరేళ్ల కింద అదే చెరువు అవతలి ఈత ఒడ్డున నాకు దొరికింది. లోపలివైపు పేరు చెక్కి ఉంది, పుట్టిన తేదీ ఉంది. ఆ పేరు నేను అప్పుడే చదివాను. ఆ ఇంటిపేరుగలవాళ్లు మా ఊళ్లో ఒక్క కుటుంబమే. ఆ పిల్ల సంగతి ఊరందరికీ తెలుసు. ఆ చెరువులోనే పోయింది.

వాళ్లమ్మ ఆదివారం చర్చిలో నా ముందు వరసలో కూచుంటుంది. ప్రార్థన అయ్యాక వెనక్కి తిరిగి, చెయ్యి అందించి, "ఎలా ఉన్నావు హోబర్ట్?" అంటుంది.

బావ చెప్పి పదకొండు నెలలైంది. ప్రతి ఆదివారం కడియం జేబులో వేసుకునే వెళ్తున్నాను.

"బాగున్నానమ్మా" అంటాను.